అవార్డు తీసుకున్న మూడో వారంలో రాజీనామా

ప్రశ్న: మాది ఆస్పత్రులకు వైద్య పరికరాలు సరఫరా చేసే ఒక మోస్తరు సంస్థ. ఆర్డర్లు తీసుకునేవాళ్లు, గోదాములో సరుకు సర్ది పంపేవాళ్లు, అకౌంట్స్, అంతా కలిపి 64 మందిమి. హెచ్‌ఆర్ చూసేది నేనొక్కదాన్నే. పోయిన ఏడాది 12 మంది మానేశారు. "మన దగ్గర గుర్తింపు లేదు, అందుకే పోతున్నారు" అని మా ఎండీ అనడంతో ఎనిమిది నెలల క్రితం ‘ఈ నెల మేటి ఉద్యోగి’ అవార్డు మొదలుపెట్టాం. సర్టిఫికెట్, గిఫ్ట్ కార్డు, గోడ మీద ఫొటో. ఇప్పటికి ఎనిమిది మందికి ఇచ్చాం. వాళ్లలో ముగ్గురు వెళ్లిపోయారు. చివరగా వెళ్లింది ఒక గోదాము కుర్రాడు. అవార్డు తీసుకున్న మూడో వారంలో రాజీనామా పెట్టాడు. ఆఖరి రోజున అడిగితే "అది నాకెందుకిచ్చారో నాకే తెలియలేదు మేడమ్" అన్నాడు. ఇప్పుడు ఎండీ గిఫ్ట్ కార్డు మొత్తం రెట్టింపు చేద్దామంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. అలాగని వద్దనడానికి కారణమూ చెప్పలేకపోతున్నాను. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: రెట్టింపు చేయకండమ్మా. ఎందుకు వద్దో ఎండీగారికి చెప్పడానికి నా మాటలు అక్కర్లేదు, ఆ కుర్రాడి మాట చాలు. నేను ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను. మానేసేవాళ్లతో ఆఖర్న జరిపే ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో "ఇంటి కారణాలు", "పై చదువులు" అని చెప్పి నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఇంత సూటిగా చెప్పేవాళ్లు అరుదు. ఎందుకిచ్చారో తెలియని బహుమతి విలువ రెట్టింపైతే ఏమవుతుంది? ఎందుకిచ్చారో తెలియని పెద్ద బహుమతి అవుతుంది.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అతనికి ఎందుకిచ్చారో మీకైనా తెలుసా? నా ఊహ ఇది: నెలాఖరు దగ్గరపడింది, పేరు ఇంకా తేలలేదు, టీమ్ లీడర్లకు మెసేజ్ పెట్టారు. "పోయినసారి అకౌంట్స్‌కి ఇచ్చాం, ఈసారి గోదాముకి ఇద్దాం" అని ఎవరో అన్నారు. గోదాములో గొడవలు పడని పేరు ఒకటి దొరికింది. ఊహ తప్పైతే క్షమించండి. కానీ ఇది నేనూ చేసిన పనే. ఒకచోట మూడు నెలలకోసారి మెమెంటోలు ఇచ్చేవాళ్లం. వాటిని ఎంపిక చేసే కమిటీలో నేనూ ఉన్నాను. ఒకామె ఉద్యోగం మానేశాక ఆమె టేబుల్ ఖాళీ చేయిస్తే కింది డ్రాయర్లో మూడు మెమెంటోలు దొరికాయి, పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. తన ముందున్న బోర్డుకి గుచ్చుకున్న ఒక ఈమెయిల్ ప్రింటును మాత్రం ఆమె వెంట తీసుకెళ్లింది. ఒక ఆర్డరు తప్పుదారి పట్టకుండా ఆపినందుకు కస్టమర్ రాసిన రెండు లైన్లు అవి.

నెలకోసారి అవార్డు అంటే నెలకో పేరు కావాలి. ఎవరూ పెద్దగా ఏమీ చేయని నెలలోనూ ఒక పేరు వెతకాలి. ఐదుగురు ప్రాణం పెట్టి పనిచేసిన నెలలోనూ ఒక్కరికే ఇవ్వాలి. మీ దగ్గర 64 మంది. అందరికీ ఒక్కొక్కసారి రావాలన్నా ఐదేళ్ల నాలుగు నెలలు పడుతుంది. అందుకే ఇలాంటి అవార్డులు ఎక్కడైనా ఏడాది తిరిగేసరికి వంతులవారీ వ్యవహారమైపోతాయి. మొక్కుబడి అన్న సంగతి ఇచ్చేవాళ్లకూ తెలుసు, పుచ్చుకునేవాళ్లకూ తెలుసు.

అయితే, అవార్డుల జోలికి వెళ్లేముందు ఒక చేదు పని ఉంది. ఆ 12 మంది పేర్లూ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు రాయండి: ఇదే పనికి బయట ఎక్కువ జీతం దొరికి వెళ్లారా, చేరిన ఎన్ని నెలలకు వెళ్లారు, ఎవరి కింద పనిచేసేవారు. తెలియకపోతే ఫోన్ చేసి అడగండి. వెళ్లిపోయిన కొన్నాళ్లకు మనుషులు నిజం చెబుతారు. నోటీస్ పీరియడ్‌లో ఉన్నప్పుడు చెప్పరు, రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి కదా.

మొదటి గడిలో ఎక్కువ మంది తేలితే మీ సమస్య గుర్తింపు కాదు, జీతం. జీతం తక్కువున్న చోట సర్టిఫికెట్లు పంచడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగరబోయినట్టు ఉంటుంది. దీనికి పాత ఉదాహరణ హెన్రీ ఫోర్డ్ కార్ల కర్మాగారం. 1913లో అక్కడ మనుషులు ఎంత వేగంగా మానేసేవారంటే, సుమారు 14 వేల మందితో పని నడవడానికి ఆ ఏడాదిలో 50 వేల మందికి పైగా కొత్తవాళ్లను చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకూలిని ఒక్కసారిగా రెట్టింపుకు దగ్గరగా, 5 డాలర్లకు పెంచాడు. పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. ఏడాదిలో మానేసేవాళ్ల రేటు 1913లో 370 శాతం ఉండేది, 1915 నాటికి 16 శాతానికి పడిపోయింది. (ఆ 5 డాలర్ల కోసం కార్మికుల ఇళ్లకు మనుషుల్ని పంపి వాళ్లు ఎలా బతుకుతున్నారో ఆరా తీయించాడు కూడా. ఫోర్డ్‌ను దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు.) ఏ గోడ మీది ఫొటో కూడా ఆ పని చేసి ఉండేది కాదు.

అలాగని జీతం పెంచితే అన్నీ సర్దుకుంటాయా అంటే, అదీ కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు సహచరులతో కలిసి దాదాపు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను రెండు విషయాలు అడిగాడు. ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిందెప్పుడు, విసుగు పుట్టిందెప్పుడు అని. 1959లో అచ్చయిన ఆ ఫలితాల మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి గానీ, ఒక సంగతి నా అనుభవానికి సరిగ్గా సరిపోయింది. రెండు ప్రశ్నలకూ జనం చెప్పిన కారణాలు వేర్వేరు. విసుగుకు కారణాలు కంపెనీ పద్ధతులు, పైఅధికారుల తీరు, జీతం. సంతోషానికి కారణాలు పని సాధించడం, దాన్ని ఎవరైనా గుర్తించడం. అంటే జీతం సరిచేస్తే సణుగుడు ఆగుతుంది, కానీ దానివల్లే మనిషికి పని మీద మమకారం పుట్టదు. మెచ్చుకుంటే మమకారం పుడుతుంది, కానీ జీతం లోటు పూడదు. ఒకదానికి బదులు ఇంకోటి వాడితే పుండొకచోట, మందొకచోట.

ఇప్పుడు మీ ఎండీగారి ఆలోచన దగ్గరికి వద్దాం. అవార్డు వల్ల మేలు జరగకపోయినా కీడేముంది అని ఆయన అడగొచ్చు. కీడు ఉంది. అమెరికాలో ఒక పెద్ద లాండ్రీ కంపెనీ ప్లాంట్లలో జరిగింది చెబుతాను. ముగ్గురు పరిశోధకులు అక్కడి రికార్డులన్నీ తిరగేసి 2016లో ప్రచురించిన సంగతి ఇది. ఒక ప్లాంటులో హాజరు బాగుపడాలని ఒక పథకం పెట్టారు. నెలలో ఒక్కరోజు కూడా చెప్పాపెట్టకుండా మానేయకుండా, ఆలస్యం కాకుండా వస్తే మీ పేరు డ్రాలో వేస్తాం, గెలిస్తే 75 డాలర్ల గిఫ్ట్ కార్డు. మొదట ఆలస్యాలు తగ్గినట్టే కనిపించాయి. కానీ జనం తెలివైనవాళ్లు. లేటుగా వెళ్లి డ్రా పోగొట్టుకోవడం ఎందుకని ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసినవాళ్లున్నారు. నెల మొదట్లోనే ఒకరోజు లేటైనవాళ్లు, ఎలాగూ ఈ నెల పోయింది కదా అని వదిలేశారు.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. పథకం రాకముందు నుంచీ ఎవరూ చెప్పకుండానే వేళకు వచ్చేవాళ్లు, చేతినిండా పనిచేసేవాళ్లు కొందరున్నారు. పథకం వచ్చాక వాళ్ల పని వేగం 6 నుంచి 8 శాతం పడిపోయింది. ప్లాంటు మొత్తం మీద రోజువారీ ఉత్పత్తి 1.4 శాతం తగ్గింది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది: ఏళ్ల తరబడి వేళకు వస్తున్న మనిషిని యాజమాన్యం ఒక్కరోజు కూడా పలకరించలేదు. ఎప్పుడూ లేటుగా వచ్చేవాడు నాలుగు వారాలు దారికొస్తే మాత్రం డ్రాలో పేరు వేసింది. వేళకు వచ్చే మనిషి తన మర్యాదగా భావించి చేసుకుంటున్న పని లాటరీ టికెట్ కింద మారిపోయింది. మీ ఆఫీసులో అలాంటివాళ్లు ఎవరో ఒకసారి ఆలోచించండి. మీరు పోగొట్టుకోకూడనిది వాళ్లనే.

మీ ముగ్గురు విజేతల గురించి ఒక జాగ్రత్త. ఎనిమిది మందిలో ముగ్గురు పోవడం చూసి అవార్డే వాళ్లను తరిమిందని తేల్చకండి, అంత చిన్న లెక్కతో ఏదీ తేలదు. బాగా పనిచేసేవాళ్లకు బయటి నుంచి పిలుపులూ ఎక్కువే. మీ సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుంటే ఇంకాస్త ఎక్కువ.

మరి పనిచేసేది ఏది? ఇక్కడే కాస్త ఆగుదాం. జర్మన్ భాషా వికీపీడియాలో రాసేవాళ్లెవరికీ జీతం ఉండదు. కొత్తగా చేరినవాళ్లు నాలుగు రోజులు రాసి మాయమైపోవడం అక్కడి పెద్ద సమస్య. యానా గాలస్ అనే పరిశోధకురాలు కొత్తవాళ్లు నాలుగు వేల మందిని తీసుకుని, వాళ్లలో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి, నీ రచనలు బాగున్నాయని ఒక చిన్న గుర్తింపు చిహ్నం అందేలా చూసింది. డబ్బు రూపంలో దాని విలువ సున్నా. మరుసటి నెల కూడా రాయడం కొనసాగించినవాళ్లు, చిహ్నం అందనివాళ్లకంటే 20 శాతం ఎక్కువగా తేలారు. ఆ తేడా మరో ఏడాది దాకా నిలిచింది. 2017లో ప్రచురించిన పరిశోధన ఇది.

మీ అవార్డు కూడా సర్టిఫికెట్టే కదా, అక్కడ పనిచేసింది ఇక్కడెందుకు చేయలేదని అడుగుతారేమో. అక్కడ అందుకున్నవాళ్లు కొత్తవాళ్లు. తాము రాసేది ఎవరైనా చదువుతున్నారో లేదో కూడా తెలియనివాళ్లు. ఇచ్చింది వాళ్లు రాసినదాన్ని చూసి. అందుకే మీ కాగితంలో రెండో గడి, చేరిన ఎన్ని నెలలకు వెళ్లారన్నది, రాయమన్నాను. చేరిన ఆరు నెలల్లో వెళ్లిపోయినవాళ్లు ఎక్కువుంటే, మీ గుర్తింపు అంతా అటు తిప్పండి. చేరిన మొదటి నెలలో "నువ్వు సరిగ్గానే చేస్తున్నావు, ఇది బాగా పట్టుకున్నావు" అనే మాట అందకపోతే ఆ మనిషికి అదే టెన్షన్. ఆ టెన్షన్‌లోనే పాత కంపెనీ వాళ్లతో మళ్లీ మాటలు మొదలవుతాయి.

ఇక మెచ్చుకోవడం ఎలా? "బాగా చేశావు, ఇలాగే కొనసాగించు" అనేది మెచ్చుకోలు కాదు, అది ఎవరికైనా చెప్పొచ్చు. "నిన్న సాయంత్రం పెట్టె మీద బ్యాచ్ నంబరుకీ బిల్లులో నంబరుకీ తేడా ఉందని బండి ఆపావు చూడు, అది వెళ్లిపోయుంటే ఆస్పత్రిలో రేపటి ఆపరేషన్ ఆగిపోయేది." ఇదీ మెచ్చుకోలు. ఏం చేశాడో ఉంది, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో ఉంది. పైగా నిన్నటి సంగతి ఇవాళే చెప్పారు, నెలాఖరు దాకా దాచిపెట్టలేదు. చెప్పాల్సింది మీరు కాదు, ఎండీ కూడా కాదు, బండి ఆపడం కళ్లతో చూసిన టీమ్ లీడర్. వార్షికోత్సవంలో వేదికెక్కించి పేరు తప్పుగా పలికే పెద్దాయన కంటే, పక్కనే నిలబడి చూసిన మనిషి మాటకే బరువెక్కువ.

జరిగిన తప్పును సరిదిద్దినవాళ్లు అందరికీ కనిపిస్తారు. తప్పు జరగకుండా చూసినవాళ్లు ఎవరికీ కనిపించరు. ప్రతి గోదాములోనూ గడువు దగ్గరపడిన సరుకును ముందు వరసలోకి జరిపే మనిషి ఒకరుంటారు, ప్రతి అకౌంట్స్ గదిలోనూ లెక్క కుదిరేదాకా లేవని మనిషి ఒకరుంటారు. వాళ్లున్నన్నాళ్లూ ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి వాళ్ల పేరు ఏ నామినేషన్లోనూ రాదు. వాళ్లు వెళ్లిపోయిన రెండో నెలలో తెలుస్తుంది. మీ టీమ్ లీడర్లకు వారానికోసారి ఒకే ప్రశ్న వేయండి: "ఈ వారం నీ దగ్గర జరగకుండా ఆగిన ఇబ్బంది ఏది, ఆపిందెవరు?" మొదటి రెండు వారాలు బుర్ర గోక్కుంటారు. తర్వాత చూడటం అలవాటవుతుంది.

వారం అని ఎందుకన్నానంటే, సర్వేలు చేసే గాలప్ సంస్థ ఉద్యోగులను అడిగే 12 ప్రశ్నల్లో ఒకటి, మంచి పనికి గత ఏడు రోజుల్లో నీకు మెచ్చుకోలు దక్కిందా అని. ఏడాదిలో అని కాదు, ఏడు రోజుల్లో. అలాగని శుక్రవారం సాయంత్రం అందరికీ తలా ఒక థ్యాంక్స్ మెసేజ్ పంపకండి, అది ఇంకో మొక్కుబడి.

మరో తప్పు గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మంచి మేనేజర్లే ఇది చేస్తారు. బాగా పనిచేసేవాడికి మనమిచ్చే బహుమతి ఏమిటో గమనించారా? ఇంకాస్త పని. "ఇది నువ్వైతేనే చేయగలవు" అంటూ పక్కవాడు నలిపేసిన ఫైలు కూడా తెచ్చి అతని టేబుల్ మీద పెడతాం. అతను మొదటిసారి పొంగిపోతాడు. ఐదోసారికి లెక్క అర్థమవుతుంది: నెమ్మదిగా చేసేవాడు ఆరింటికి ఇంటికి వెళ్తున్నాడు, నేను తొమ్మిదింటికి. ఇద్దరికీ ఇంక్రిమెంట్ ఇంచుమించు ఒకటే. మీ గోదాము కుర్రాడికి గత ఆరు నెలల్లో పడ్డ అదనపు డ్యూటీలు ఎన్నో ఒకసారి తీసి చూడండి. నేనైతే గిఫ్ట్ కార్డు కంటే ముందు అక్కడే వెతుకుతాను. పని పెంచితే హోదా పెంచండి, జీతం పెంచండి, లేదా ఒక నిర్ణయం అతని చేతికివ్వండి. సరుకు ఏ వరసలో సర్దాలో, కొత్తవాళ్లకు పని ఎవరు నేర్పాలో అతన్నే తేల్చమనండి. ఏదీ ఇవ్వలేకపోతే పని పెంచకండి.

డబ్బు సంగతి. అవార్డు కోసం పెట్టిన బడ్జెట్ వదులుకోకండి, దాన్ని తిప్పండి. నలుగురో ఐదుగురో ఉంటారు కదా టీమ్ లీడర్లు, దాన్ని వాళ్లకు పంచి ఇచ్చేయండి. ఎవరి అనుమతీ అడగకుండా, ఫారం నింపకుండా, అప్పటికప్పుడు ఖర్చుపెట్టుకోమనండి. బిల్లు చూపిస్తే చాలు. దేనికి ఖర్చుపెట్టాలో మనిషిని బట్టి ఉంటుంది. చిన్నపిల్లలున్న తల్లికి ఒకరోజు త్వరగా ఇంటికి పంపడం కంటే పెద్ద బహుమతి లేదు. ఎక్సెల్ నేర్చుకోవాలని తిరుగుతున్న కుర్రాడికి ఆ కోర్సు ఫీజు కట్టడమే గుర్తింపు. నలుగురిలో పేరు పిలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాళ్లుంటారు, వాళ్లకు పక్కకు పిలిచి చెప్పాలి. ఎవరికేది ఇష్టమో చేరిన వారంలోనే అడిగి రాసుకోండి, ఊహించకండి.

చిన్న మొత్తంతో ఏమవుతుందని ఎండీగారు అంటే ఈ సంగతి చెప్పండి. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీలో పుస్తకాల జాబితా తయారుచేయడానికి విద్యార్థులను మూడు గంటల పనికి పెట్టుకున్నారు. కొందరికి అనుకున్న జీతం మీద 7 యూరోలు అదనంగా ఇచ్చారు. పనిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇంకొందరికి అదే ధర పలికే థర్మోస్ సీసాను కాగితంలో చుట్టి ఇచ్చారు. పని దాదాపు 25 శాతం పెరిగింది. సీసాలో మహిమేమీ లేదు. మరో జట్టుకు ఆ 7 యూరోలనే ఇచ్చారు, కాకపోతే నోటును మడిచి చొక్కా బొమ్మలా చేసి ఇచ్చారు. వీళ్ల పని సీసా అందుకున్నవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. ఎవరో కూర్చుని నా కోసం ఆ నోటు మడిచారు అన్నదే అక్కడ లెక్కకొచ్చింది. 2012లో ప్రచురించిన ఈ పరిశోధన మూడు గంటల పని మీద జరిగింది. మీకు కావాల్సింది మూడేళ్లు, అందుకని దీన్ని జీతానికి బదులుగా మాత్రం వాడొద్దు.

టీమ్ లీడర్ల విషయంలో మీ కాగితంలోని మూడో గడి చూడండి. వెళ్లిపోయినవాళ్లలో సగం మంది ఒకరి కిందే పనిచేసి ఉంటే, అవార్డుల గురించి మాట్లాడటం ఆపి ఆ ఒకరితో మాట్లాడండి. తిట్టడానికి కాదు. తనను ఎవరూ మెచ్చుకోని మనిషికి ఇంకొకరిని మెచ్చుకోవడం నోటికి రాదు. బాగా పని తెలిసినవాడని లీడర్‌ని చేసి, మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పకుండా వదిలేసి ఉంటారు. ఆ తప్పు అతనిది కాదు.

నడుస్తున్న అవార్డును ఒక్కసారిగా ఎత్తేయకండి. వచ్చే నెల నుంచి దాని పక్కన ఒక నియమం పెట్టండి: ఏం చేశారో, దానివల్ల ఎవరికి మేలు జరిగిందో రెండు వాక్యాల్లో రాయగలిగితేనే ఇస్తాం, లేకపోతే ఆ నెల ఎవరికీ ఇవ్వం. ముగ్గురికి రాయగలిగితే ముగ్గురికీ ఇస్తాం. ఖాళీ పోయిన నెల కూడా మంచిదే, దానివల్ల వచ్చే నెల ఇచ్చేదానికి విలువ వస్తుంది. గోడ మీది ఫొటోలు మాత్రం తీసేయండి, వెళ్లిపోయిన ముగ్గురూ అక్కడి నుంచి రోజూ అందరినీ చూస్తూ ఉంటారు.

ఆరు నెలల తర్వాత ఎంతమంది పోయారో లెక్కపెట్టడం కన్నా ఎవరు పోయారో చూడండి. పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అందరినీ పట్టుకుని ఆపడం మీ ఉద్యోగం కాదు. ఉండాలని మీరు కోరుకునే పదిమంది పేర్లు ఇవాళే రాసి పెట్టుకోండి. వాళ్లతో ఒక్కొక్కరిగా కూర్చుని, రాజీనామా ఇవ్వకముందే, "నిన్ను ఇక్కడ ఆపుతున్నదేంటి, ఏ రోజున వెళ్లిపోదామనిపించింది" అని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఆఫీసుల్లో మనుషులు అడగరు కూడా, ఆఫర్ లెటర్ చూపించి వెళ్లిపోతారు.

ఈ పనులన్నిటికంటే ముందు ఆ గోదాము కుర్రాడికి ఫోన్ చేయండి. తిరిగి రమ్మనడానికి కాదు. "నువ్వు చేసిన ఏ పని మేం చూసుండాల్సింది?" అని అడగండి. అతను చెప్పింది రాసుకుని గోదాములోకి వెళ్లండి, ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారో కనుక్కోండి.